అధిక బరువున్న పిల్లల పేగుల్లో మేలైన బ్యాక్టీరియాను ఆహారంతో, వ్యాయామంతో పెంచడం ఎలా?

పిల్లలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారని తెలియగానే పెద్దల దృష్టంతా వాళ్లు ఎంత తింటున్నారన్న దానిమీదే నిలుస్తుంది. తిన్నది పేగుల్లోకి చేరాక ఏమవుతోంది, దాన్ని అక్కడ ఎవరు వాడుకుంటున్నారు అన్న ప్రశ్న చాలా ఇళ్లలో తలెత్తదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన అంచనా ప్రకారం ఒక సగటు వయోజనుడి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి; వాటిలో అత్యధిక భాగం నివసించేది పెద్దపేగులోనే. అన్నీ కలిపి తూచినా 200 గ్రాములకు మించవు గానీ, ఆకలి, రక్తంలో చక్కెర, కాలేయంలో కొవ్వు, శరీరంలోని అంతర్గత వాపు వంటి ఎన్నో విషయాలపై వాటి ప్రభావం ఉంటుంది. వాటిలో ఏవి వృద్ధి చెందాలో, ఏవి తగ్గాలో ప్రధానంగా నిర్ణయించేది మనం తినే ఆహారం. శారీరక శ్రమ దానికి తోడు నిలుస్తుంది. 5 నుంచి 12 ఏళ్ల మధ్య వయసున్న పిల్లల తల్లిదండ్రులు ఈ రెండింటినీ ఇంట్లో ఏ వరుసలో, ఎంత వేగంతో మార్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసినది

మన జీర్ణరసాలు పీచు పదార్థాన్ని అరిగించలేవు. అది చిన్నపేగును దాటి దాదాపు చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దానిలో చాలా భాగాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే షార్ట్ చెయిన్ ఫ్యాటీ యాసిడ్లను తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలకు బ్యుటిరేట్ ముఖ్యమైన ఇంధనం. ఈ ఆమ్లాలు పేగు కణాలను ప్రేరేపించి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను విడుదల చేయిస్తాయి. కడుపు నిండిందన్న సంకేతాన్ని మెదడుకు చేర్చేవాటిలో ఆ హార్మోన్లు ఉన్నాయి.

పీచు అందనప్పుడు జరిగేది ఇందుకు విరుద్ధం. ఆహారం దొరకని బ్యాక్టీరియాలో కొన్ని పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని 2016లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధన చూపించింది. ఆ పొర పలచబడి, పేగు గోడ కట్టుదిట్టం సడలినప్పుడు, కొన్ని బ్యాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలీశాకరైడ్ అనే పదార్థం కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతుంది. రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తించి స్పందిస్తుంది. జ్వరంలా పైకి కనిపించకపోయినా లోలోపల నెలల తరబడి సాగే ఈ స్వల్ప స్థాయి వాపు ఇన్సులిన్ పనితీరును మందగింపజేస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లల్లో చిన్న వయసులోనే రక్తంలో చక్కెర పెరగడానికి, కాలేయంలో కొవ్వు చేరడానికి ఉన్న దారుల్లో ఇదొకటి.

బ్యాక్టీరియా బరువును నిజంగా మార్చగలదా అన్న సందేహానికి అమెరికాలో పేగు బ్యాక్టీరియాపై పనిచేసే శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్ బృందం చేసిన ప్రయోగాలు కొంత సమాధానమిచ్చాయి. 2006లో వాళ్లు ఊబకాయం ఉన్న ఎలుకల పేగు బ్యాక్టీరియాను, పుట్టుకతోనే బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించగా, సన్నని ఎలుకల బ్యాక్టీరియా అందుకున్నవాటికన్నా వాటిలో ఎక్కువ కొవ్వు చేరింది. 2013లో అదే బృందం, ఒకరు స్థూలకాయులు, ఒకరు సన్నగా ఉన్న కవలల బ్యాక్టీరియాను అటువంటి ఎలుకల్లోకే ఎక్కించి ఇటువంటి ఫలితాన్నే చూసింది. అయితే ఎలుకల్లో కనిపించిందంతా మనుషుల్లో అలాగే కనిపించలేదు. ఫర్మిక్యూట్స్, బ్యాక్టీరాయిడీట్స్ అనే రెండు పెద్ద సమూహాల నిష్పత్తిని బట్టి ఊబకాయాన్ని గుర్తించవచ్చని మొదట్లో భావించారు గానీ, తరువాతి మానవ అధ్యయనాలు ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు. కాబట్టి ఏదో ఒక బ్యాక్టీరియాను వెతికి పట్టుకుని పెంచాలన్న ఆలోచన మీకు అక్కరలేదు. రకరకాల బ్యాక్టీరియా బతకడానికి తగిన మేతను రోజూ అందించడం, ఆ అలవాటును నిలబెట్టడం, ఈ రెండే తల్లిదండ్రుల చేతిలో ఉన్న పనులు.

మొదటి అడుగు: పిల్లల వైద్యులను కలవండి

ఇంట్లో తూకం చూసి నిర్ణయానికి రావద్దు. పిల్లల్లో అధిక బరువును వయసు, లింగం, ఎత్తులతో కలిపి లెక్కించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల వయసులో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) ఆ వయసు మధ్యస్థ విలువకన్నా 1 ప్రామాణిక విచలనం (పిల్లల మధ్య సహజంగా ఉండే తేడాలను కొలిచే ప్రమాణం) దాటితే అధిక బరువు, 2 దాటితే ఊబకాయం. వైద్యులు దీన్ని పెరుగుదల పటం మీద గుర్తించి చూపిస్తారు. ఒక్కసారి తీసిన విలువకన్నా, గడచిన ఏడాది రెండేళ్లలో ఆ గీత ఎటు వంగిందన్నదే ఎక్కువ చెబుతుంది.

పిల్లలు బరువు తగ్గాలా, లేక ఉన్న బరువును అలాగే నిలబెట్టుకుంటూ ఎత్తు పెరిగితే చాలునా అన్నది వైద్యులే చెప్పాలి. పెరిగే వయసులో చాలామందికి రెండోది సరిపోతుంది. ఈ విషయం తెలిశాక ఇంట్లో ఆందోళన సగం తగ్గుతుంది. పిల్లల పళ్లెంలోంచి అన్నీ తీసేయాలన్న తొందర కూడా ఉండదు. బిడ్డ ఎత్తు పెరగడం ఆగిందా, మెడ వెనుక చర్మం నల్లగా మందంగా మారిందా, నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందా, మలబద్ధకం ఎన్నాళ్లుగా ఉంది, ఇప్పటివరకు యాంటీబయాటిక్స్ తరచుగా వాడవలసి వచ్చిందా అన్న వివరాలన్నీ వారికి చెప్పండి.

రెండో అడుగు: ఏమీ మార్చకుండా ఒక వారం రాసి పెట్టండి

ఒక చిన్న పుస్తకంలో వారం రోజులపాటు బిడ్డ తిన్నవి, తాగినవి, ఆడుకున్న సమయం, తెర ముందు కూర్చున్న సమయం, నిద్రపోయిన గంటలు రాయండి. గ్రాముల్లో కొలవనక్కరలేదు, పేరు, సుమారు పరిమాణం చాలు. మల విసర్జన ఎన్నిసార్లు అయింది, గట్టిగా ఉండలుగా ఉందా, మెత్తగా నునుపుగా ఉందా, నీళ్లగా ఉందా అన్నదీ రాయాలి. ఇది చెప్పడానికి మొహమాటపడవలసిన విషయం కాదు. వైద్యులు వాడే బ్రిస్టల్ పట్టికలో మలాన్ని ఏడు రకాలుగా విభజించారు: 1, 2 రకాలు మలబద్ధకానికి, 3, 4 ఆరోగ్యానికి, 6, 7 విరేచనాలకు సూచన. పేగుల్లో ఆహారం ఎంత వేగంగా కదులుతోందో ఇంట్లోనే తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన సాధనం లేదు.

వారం చివర ఆ పుస్తకం చదువుతూ రెండు లెక్కలు తీయండి. ఒకటి, వారంలో మొత్తం ఎన్ని వేర్వేరు మొక్కల ఆహారాలు, అంటే ఎన్ని రకాల కూరగాయలు, పండ్లు, పప్పులు, ధాన్యాలు, గింజలు బిడ్డ తిన్నది. రెండు, తీపి పానీయం ఎన్నిసార్లు తాగింది. మిగతా అడుగులన్నీ ఈ రెండు సంఖ్యల నుంచే మొదలవుతాయి.

మూడో అడుగు: పళ్లెం జోలికి వెళ్లే ముందు గ్లాసును మార్చండి

తీపి పానీయాలు మానిపించడంతో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. వాటిలో బ్యాక్టీరియాకు పనికివచ్చే పీచు ఉండదు, కడుపు నిండిన భావన కలగదు, చక్కెర మాత్రం చాలా వేగంగా చేరుతుంది. ఆహారంలో విడిగా చేర్చిన చక్కెరలు, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర కలిపి రోజువారీ శక్తిలో 10 శాతానికి లోపల ఉండాలని, 5 శాతానికి లోపల ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1,600 కిలోకేలరీలు అవసరమయ్యే బిడ్డకు 10 శాతమంటే 40 గ్రాములు, 5 శాతమంటే 20 గ్రాములు. ఒక 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఆ ఒక్క డబ్బాతోనే రోజు లెక్క దాదాపు ముగిసినట్లే.

ఒక్కసారిగా మానిపిస్తే పిల్లలు తిరగబడతారనుకుంటే, రోజుకు రెండు తాగే బిడ్డకు మొదటి వారం ఒకటి, రెండో వారం రోజు విడిచి రోజు, మూడో వారం సెలవు రోజున మాత్రమే అన్న క్రమం పాటించండి. ఇంట్లో అసలు కొనకుండా ఉండడమే అన్నిటికన్నా బలమైన పద్ధతి. ఎదురుగా సీసా పెట్టుకుని తాగవద్దని చెప్పడం పెద్దలకైనా కష్టమే. పండ్ల రసం మంచిదే కదా అన్న అపోహనూ వదిలేయాలి; రసం తీయగానే పీచులో చాలా భాగం పిప్పితో పోతుంది, అంటే బ్యాక్టీరియా వాటా పారేసి చక్కెర మిగుల్చుకున్నట్లు. పండు కొరికి తినడమే సరైనది.

చక్కెరకు బదులు కృత్రిమ తీపి కలిపిన పానీయాలు ఇవ్వడం పరిష్కారం కాదు. బరువు అదుపు కోసం వాటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. శాకరిన్ వంటి కొన్ని తీపి పదార్థాలు పేగు బ్యాక్టీరియాను మార్చి చక్కెరకు శరీరం స్పందించే తీరును దెబ్బతీయవచ్చని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. దాహానికి నీళ్లు, ఆకలికి ఆహారం అన్న అలవాటు పడితే బిడ్డ నాలుక కొన్ని వారాల్లోనే తక్కువ తీపికి సర్దుకుంటుంది.

ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్లను కూడా ఈ దశలోనే తగ్గించడం మొదలుపెట్టండి. వాటిలో పీచు తక్కువ, ఉప్పు, కొవ్వు, చక్కెర ఎక్కువ. పైగా నూనె, నీరు విడిపోకుండా కలిపే ఎమల్సిఫైయర్లలో కొన్ని పేగు జిగురు పొరను పలచబరచి, స్వల్ప స్థాయి వాపును, కొవ్వు చేరడాన్ని పెంచాయని 2015లో ఎలుకలపై జరిగిన ప్రయోగం తెలిపింది. ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితా ఎంత పొడవుగా ఉంటే ఆ ఆహారాన్ని ఇంటికి తీసుకురావడం అంత తగ్గించండి.

నాలుగో అడుగు: పీచును నెమ్మదిగా, రకరకాలుగా పెంచండి

అన్నిటిలోకీ ముఖ్యమైన అడుగు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల ప్రకారం ఆహారంలో సహజంగా ఉండే పీచు 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 15 గ్రాములు, 6 నుంచి 9 ఏళ్ల వాళ్లకు 21 గ్రాములు, 10 ఏళ్లు దాటినవాళ్లకు 25 గ్రాములు అందాలి. కూరగాయలు, పండ్లు కలిపి ఆ వయసులకు వరుసగా కనీసం 250, 350, 400 గ్రాములు తినాలి.

ఈ అంకెలు చూసి కంగారుపడవద్దు. ఉడికించిన పప్పుధాన్యాలు 100 గ్రాములు తింటే రకాన్ని బట్టి 6 నుంచి 8 గ్రాముల పీచు వస్తుంది. తొక్కతో తిన్న మధ్యస్థమైన యాపిల్‌లో సుమారు 4 గ్రాములు, అరటిపండులో 3 గ్రాములు, ఉడికించిన పచ్చిబఠానీలు 100 గ్రాముల్లో 5 గ్రాములు, 40 గ్రాముల ఓట్స్‌లో 4 గ్రాములు ఉంటాయి. ఎనిమిదేళ్ల బిడ్డ రోజులో ఒకసారి ఓట్స్, ఒక పూట పప్పు, ఒక యాపిల్, ఒక అరటిపండు, రెండు పూటలా కూర తింటే 21 గ్రాములు దాటడం కష్టమేమీ కాదు. పప్పుధాన్యాలు రోజూ ఒక పూటైనా ఉండేలా చూసుకోవడం ఒక్కటే చేయగలిగినా సగం దూరం నడిచినట్లే.

పీచు పెంచడంలో చాలామంది చేసేది తొందర. ఇన్నాళ్లూ పీచు తక్కువగా అందిన పేగులకు ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే గ్యాసు, కడుపు ఉబ్బరం, నొప్పి వస్తాయి. బిడ్డ కూరగాయలంటేనే భయపడుతుంది, ఇంట్లోవాళ్లు ఇది మనకు పడలేదని వదిలేస్తారు. అందుకని వారానికి 3 నుంచి 5 గ్రాములకు మించి పెంచవద్దు. మొదటి వారం రోజుకు ఒక పండు చేర్చండి. రెండో వారం పాలిష్ పట్టిన ధాన్యంలో నాలుగో వంతు తీసేసి పొట్టు తీయని ధాన్యం కలపండి. మూడో వారం పప్పు పరిమాణం కొంచెం పెంచండి. ఆ తరువాత పొట్టు తీయని ధాన్యం వాటాను సగానికి తీసుకెళ్లండి. ఏ వారమైనా కడుపు ఉబ్బితే వెనక్కి వెళ్లనక్కరలేదు, ఆ మెట్టు మీదే మరో వారం ఆగితే చాలు. పీచు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నీళ్లు తాగడమూ దానితో పాటు పెరగాలి, లేకపోతే మలబద్ధకం తగ్గడానికి బదులు ఎక్కువవుతుంది.

పరిమాణం ఎంత ముఖ్యమో రకాలూ అంతే ముఖ్యం. ఒక్కో జాతి బ్యాక్టీరియా ఒక్కో రకం పీచును మాత్రమే బాగా విడగొట్టగలదు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్, ఉల్లి, వెల్లుల్లిలోని ఇన్యులిన్, యాపిల్‌లోని పెక్టిన్, పప్పుల్లోని ఒలిగోశాకరైడ్లు వేర్వేరు జీవులకు మేత. కాబట్టి రోజూ ఒకే కూరగాయను ఎక్కువగా పెట్టడంకన్నా, వారంలో ఎన్నో రకాలను కొంచెం కొంచెంగా పెట్టడం మంచిది. రెండో అడుగులో లెక్కపెట్టిన రకాల సంఖ్యకు ప్రతి వారం ఒకటో రెండో కొత్తవి చేర్చండి. ఇష్టంలేని కూరగాయను బలవంతంగా తినిపించవద్దు. చెంచాడు వడ్డించి, తినకపోయినా ఏమీ అనకుండా, కొన్ని రోజుల తరువాత మళ్లీ వడ్డిస్తూ ఉండండి. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది పదిసార్లు, కొందరికి అంతకన్నా ఎక్కువసార్లు కూడా పడుతుంది.

బంగాళదుంపలు, అన్నం, పాస్తా వంటివాటిని ఉడికించి చల్లార్చినప్పుడు వాటిలోని పిండిపదార్థంలో కొంత, అరగని రూపంలోకి మారి పీచులాగే పెద్దపేగుకు చేరుతుంది. మళ్లీ వేడిచేసినా అందులో కొంత మిగులుతుంది. అయితే వండినదాన్ని గంటల తరబడి బయట ఉంచవద్దు. త్వరగా చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బాదం, వేరుశనగ వంటి గింజలు బ్యాక్టీరియాకు మంచివే గానీ, అయిదేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక పొడి చేసి మాత్రమే ఇవ్వాలి.

పీచు ప్రభావాన్ని పిల్లల్లోనే చూపించిన పరిశోధనలు ఉన్నాయి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగర పిల్లలను, ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోకు చెందిన ఒక గ్రామం పిల్లలతో పోల్చారు. పీచు అధికంగా తినే గ్రామం పిల్లల్లో బ్యాక్టీరియా వైవిధ్యం, షార్ట్ చెయిన్ ఫ్యాటీ యాసిడ్లు రెండూ ఎక్కువగా కనిపించాయి. కెనడాలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 16 వారాలపాటు ఇన్యులిన్ తరహా పీచును ఇవ్వగా, వాళ్లలో మేలు చేసే బైఫిడోబ్యాక్టీరియా పెరిగింది, శరీరంలో కొవ్వు శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అలాగని పీచు పొడి కొని ఇవ్వమని చెప్పడం లేదు. పీచుతో పాటు విటమిన్లు, ఖనిజాలు, నమిలే అలవాటు కూడా ఆహారంతోనే వస్తాయి. పొడి అవసరమో కాదో వైద్యులు చెప్పాలి.

పెరుగు, పులియబెట్టిన ఆహారం గురించి ఒక మాట. తీపి కలపని పెరుగు రోజుకు ఒక గిన్నె మంచిదే. పది వారాలపాటు పులియబెట్టిన ఆహారం ఎక్కువగా తిన్న పెద్దవాళ్లలో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగి, వాపును సూచించే పదార్థాలు తగ్గాయని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో తెలిపారు. అది పీచుకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. పండ్ల రుచులతో అమ్మే పెరుగుల్లో కలిపిన చక్కెరను చూసి కొనండి.

అయిదో అడుగు: రోజుకు 60 నిమిషాల కదలికకు చేర్చండి

వ్యాయామం కేలరీలను ఖర్చు చేయడానికే అనుకుంటే దాని విలువలో సగమే చూసినట్లు. కదిలే శరీరంలో పేగులు చురుగ్గా కదులుతాయి, ఆహారం నిలవ ఉండదు. పిత్తరసంలోని ఆమ్లాల పరిమాణం, పేగు గోడలోని రోగనిరోధక కణాల స్పందన కూడా మారుతాయి. ఇవన్నీ బ్యాక్టీరియా బతికే వాతావరణాన్ని మార్చేవే. బరువు తగ్గకముందే కండరాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించడం మొదలుపెడతాయి.

స్పెయిన్‌లో ఊబకాయం ఉన్న పిల్లలతో 12 వారాలపాటు ఓర్పును, కండబలాన్ని పెంచే వ్యాయామాలు కలిపి చేయించారు. 2020లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో, వాపుతో ముడిపడిన ప్రోటియోబ్యాక్టీరియా సమూహం తగ్గింది, బ్యుటిరేట్ తయారుచేసే రోజ్‌బురియా వంటివి పెరిగాయి, వాళ్ల పేగు బ్యాక్టీరియా తీరు ఆరోగ్యవంతులైన పిల్లల తీరుకు దగ్గరైంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పెద్దవాళ్లపై జరిగిన మరో పరిశోధన 2018లో వెలువడింది. అక్కడ ఆహారం మార్చకుండా, వారానికి మూడు రోజులు 30 నుంచి 60 నిమిషాల చొప్పున ఆరు వారాలు వ్యాయామం చేయించారు. షార్ట్ చెయిన్ ఫ్యాటీ యాసిడ్లు పెరిగాయి గానీ, ఆ పెరుగుదల సన్నగా ఉన్నవాళ్లలో స్పష్టంగా, స్థూలకాయుల్లో తక్కువగా ఉంది. ఆరు వారాలు వ్యాయామం ఆపేయగానే మార్పులు చాలావరకు వెనక్కి వెళ్లాయి. దీన్నుంచి నేను గ్రహించింది రెండు: బరువు ఎక్కువున్నవాళ్లు వ్యాయామం ఒక్కదానిమీదే ఆధారపడకుండా ఆహారాన్నీ మార్చుకోవాలి, బిడ్డ ఏళ్ల తరబడి కొనసాగించగల కదలికనే ఎంచుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల మధ్యస్థ లేదా తీవ్ర శ్రమను, వారంలో కనీసం మూడు రోజులు తీవ్రమైన శ్రమతో పాటు కండరాలు, ఎముకలు బలపడే పనులను సూచిస్తున్నాయి. తీవ్రతను కొలవడానికి పరికరాలు వద్దు. బిడ్డ కదులుతూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. ఆయాసంతో నాలుగు మాటలకు మించి మాట్లాడలేకపోతే తీవ్ర శ్రమ.

మీరు రాసుకున్న వారంలో బిడ్డ రోజుకు 15 నిమిషాలు మాత్రమే కదిలి ఉంటే, వెంటనే 60 అడగవద్దు. వారానికి 10 నిమిషాల చొప్పున పెంచితే అయిదారు వారాల్లో అక్కడికి చేరతారు. 60 నిమిషాలు ఒకేసారి కానక్కరలేదు. ఉదయం 15, బడి నుంచి వచ్చాక 30, రాత్రి భోజనం తరువాత నడక 15 అయినా లెక్కకు వస్తాయి. బరువు ఎక్కువున్న పిల్లల మోకాళ్లు, చీలమండలపై భారం పడుతుంది కాబట్టి మొదట ఈత, సైకిలు, వేగంగా నడక, నృత్యం వంటివి ఎంచుకోండి. ఎక్కడం, వేలాడడం, గోడను నెట్టడం, కూర్చుని లేవడం, తాడాట వంటివి కండబలాన్ని పెంచుతాయి. తాడాటను మాత్రం మోకాళ్లు కొంత అలవాటు పడ్డాకే మొదలుపెట్టాలి. కీలు నొప్పి, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి వైద్యులను అడగండి. ఆటల తరువాత నీళ్లు చాలు, శక్తి పానీయాలు వద్దు.

తిన్నందుకు శిక్షగా పరుగెత్తించడం, పదిమంది ముందు బరువును ప్రస్తావించడం ఎప్పుడూ చేయకండి. అవమానంతో మొదలైన వ్యాయామం బాధ్యతగా కూడా మిగలదు. పిల్లలు రహస్యంగా తినడం నేర్చుకుంటారు, నలుగురిలో ఆడడానికి సిగ్గుపడతారు. ఇంట్లో అందరికీ ఒకే వంట, అందరికీ ఒకే నడక అన్న పద్ధతి పెట్టండి. సన్నగా ఉన్న అక్కకు చిరుతిండి, లావుగా ఉన్న తమ్ముడికి క్యారెట్ ముక్కలు అన్న ఏర్పాటు ఏ ఇంట్లోనూ నిలవలేదు. పీచు, కదలిక ఇద్దరికీ కావలసినవే.

ఆరో అడుగు: నిద్రను, భోజన వేళలను స్థిరపరచండి

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, తీపి, కొవ్వు పదార్థాల మీదికి మనసు పోతుంది, మరునాడు ఆడే ఓపిక ఉండదు. పేగు బ్యాక్టీరియా సంఖ్యలు, పనులు కూడా పగలు, రాత్రి, తినే వేళలను బట్టి హెచ్చుతగ్గులకు లోనవుతాయి. పడుకునే ముందు గంటసేపు తెరలు ఆపేయండి, రాత్రి భోజనాన్ని ముందుకు జరపండి, రోజంతా కొంచెం కొంచెంగా ఏదో ఒకటి నమిలే అలవాటును వేళకు తినే అలవాటుగా మార్చండి.

ఏడో అడుగు: మాత్రలు, పరీక్షల విషయంలో జాగ్రత్తగా ఉండండి

బరువు తగ్గిస్తాయని అమ్మే ప్రోబయాటిక్ మాత్రలను, అంటే మేలు చేసే సజీవ బ్యాక్టీరియా ఉన్న మాత్రలను, పిల్లలకు సొంతంగా ఇవ్వవద్దు. పిల్లల ఊబకాయానికి చికిత్సగా సిఫారసు చేయదగినంత బలమైన ఆధారం వాటికి లేదు. మలాన్ని పంపితే బ్యాక్టీరియా జాబితా ఇచ్చే పరీక్షలు కూడా చికిత్సను మార్చగల సమాచారాన్ని ఇవ్వవు. ఆ డబ్బుతో పండ్లు, పప్పులు కొనడం మేలు. యాంటీబయాటిక్స్ మేలు చేసే బ్యాక్టీరియానూ చంపుతాయి, పసితనంలో వాటిని పదేపదే వాడిన పిల్లల్లో తరువాత అధిక బరువు ఎక్కువగా కనిపించిందని పలు అధ్యయనాలు గమనించాయి. అందువల్ల వైరస్ వల్ల వచ్చే జలుబుకు వాటిని అడగవద్దు. వైద్యులు అవసరమని రాసినప్పుడు మాత్రం పూర్తిగా వాడాలి. భయంతో మధ్యలో ఆపడం మరింత ప్రమాదం.

ఎనిమిదో అడుగు: ఫలితాన్ని సరైన చోట, సరైన సమయానికి చూడండి

ఆహారం పూర్తిగా మారిస్తే పేగు బ్యాక్టీరియా కొద్ది రోజుల్లోనే స్పందిస్తాయని 2014లో పెద్దవాళ్లపై జరిగిన ఒక ప్రయోగం చూపించింది. పాత ఆహారానికి తిరిగి రాగానే అవి కొద్ది రోజుల్లోనే పాత తీరుకు వెళ్లాయన్నదీ అందులోనే ఉంది. అంటే ఒక పండుగ రోజు తిన్న తీపి వల్ల ఏమీ చెడిపోదు, అలాగే ఒక నెలపాటు కఠినంగా పాటించి వదిలేసిన నియమం వల్ల ఏమీ మిగలదు. నిలవలేని పెద్ద మార్పుకన్నా నిలిచే చిన్న మార్పుకే ఇక్కడ విలువ.

మొదటి రెండు మూడు వారాల్లో మీకు కనిపించేది మల విసర్జన సులువు కావడం. నెల, రెండు నెలల్లో ఆయాసం తగ్గడం, మెట్లు ఎక్కగలగడం, భోజనాల మధ్య ఆకలి అదుపులోకి రావడం గమనించవచ్చు. తూకం వీటన్నిటికన్నా ఆలస్యంగా కదులుతుంది. కండరం పెరిగే పిల్లల్లో కొన్నాళ్లు అసలు కదలకపోవచ్చు. రోజూ తూచవద్దు. మూడు నెలలకోసారి వైద్యుల దగ్గర ఎత్తు, బరువు, నడుము కొలత, రక్తపోటు చూపించి, అవసరాన్ని బట్టి రక్తంలో చక్కెర, కొవ్వులు, కాలేయ ఎంజైముల పరీక్షలు చేయించండి. అప్పటికి మీరు చేర్చిన మార్పుల్లో ఏవి నిలిచాయో, ఏవి కుదరలేదో చెబితే తరువాతి మూడు నెలల లక్ష్యాన్ని వారితో కలిసి నిర్ణయించుకోవచ్చు. అంతవరకు ఆగకుండా వెంటనే వెళ్లవలసిన సందర్భాలూ ఉన్నాయి: మలంలో రక్తం, తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, కారణం లేకుండా బరువు పడిపోవడం, విపరీతమైన దాహంతో పదేపదే మూత్రానికి వెళ్లడం, ఆహారం పట్ల భయం పెరిగి బిడ్డ భోజనమే మానేయడం.